సరిజోడు లెక్క: పలనాటి బండ నుంచి మోటార్‌సైకిల్ పందెం దాకా

పల్నాడు జిల్లాలో వినుకొండకు ఉత్తరాన, అడవీ మెట్టచేలూ తండాలూ కలిసిన మండలం బొల్లాపల్లి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతమంతటా తిరునాళ్లకూ సంక్రాంతికీ ఒంగోలు గిత్తల బలప్రదర్శన పోటీలు జరుగుతాయి. జనం మాటల్లో వీటి పేరు బండలాగుడు. పోటీకి వచ్చే జతలన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒక జత లేత వయసుది, ఇంకొకటి ఒళ్లు ముదిరినది. ఒక యజమాని దాణాకు వెనకాడడు, మరొకరికి అంత స్తోమత ఉండదు. ఇన్ని తేడాల మధ్య పోటీ న్యాయంగా జరిగిందని ఓడిన రైతు చేత కూడా అనిపించడం ఎలా?

సరిగ్గా ఇదే ప్రశ్న మోటార్‌సైకిల్ పందాల నిర్వాహకులను 1907 నుంచి వెంటాడుతోంది. ఒక బండికి ఒకే సిలిండర్, మరోదానికి నాలుగు. ఒకటి టూ-స్ట్రోక్, ఇంకొకటి ఫోర్-స్ట్రోక్. వీటిని ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తించాలంటే ఏదో ఒక కొలత కావాలి. నూరేళ్లు దాటిన ఆ ప్రయత్నాలను వరసగా చూస్తే, ఏ కొలత నిలబడింది, ఏది నిలబడలేదు, ఎందుకు అన్నది తెలుస్తుంది. ముందు మన కొలత సంగతి.

పళ్ల లెక్క

పశువుకు ముందరి పళ్లు కింది దవడకే ఉంటాయి. ఆ ఎనిమిది పాలపళ్లు జతలు జతలుగా ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్లు వస్తాయి. మొదటి జత సుమారు రెండు, రెండున్నర ఏళ్ల ప్రాయంలో వస్తుంది. ఎనిమిదీ నిండేసరికి నాలుగేళ్లు దాటుతాయి. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టని చోట పశువు వయసు చెప్పే సాక్ష్యం దాని నోరే. పోటీల కరపత్రాల్లో కనిపించే విభాగాల పేర్లు ఇక్కడి నుంచే వచ్చాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. ఆపైన సబ్ జూనియర్స్, జూనియర్స్, సీనియర్స్, న్యూ కేటగిరీ అంటూ పెద్ద గిత్తల విభాగాలుంటాయి. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. పెట్టిన గడువులో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్నదే గెలుపు. మర్నాడు పత్రికల్లో ఫలితాలు అడుగుల లెక్కలోనే వస్తాయి.

ఇది గురి తప్పని కొలత కాదు. పన్ను వయసు చెబుతుంది, బలం చెప్పదు. బాగా మేపిన ఆరు పళ్ల గిత్త, అరకొర మేతతో పెరిగిన ఎనిమిది పళ్ల ఎద్దు కంటే బరువుగా ఉండవచ్చు. అయినా ఈ లెక్క నిలిచిందంటే కారణాలు మూడు. ఒకటి, పోటీకి ముందే తేలిపోతుంది. రెండు, నోరు తెరిచి చూపితే ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. మూడు, ఒక విభాగంలో అన్ని జతలకూ ఒకే బండ. కిందటి పోటీలో గెలిచింది కదా అని ఆ ఒక్క జతకే బరువైన బండ కట్టరు. కొలత మొరటుదే గాని, దాన్ని ఎవరి వైపూ ఒంచలేరు.

పందెం కొలత మీద నమ్మకం పోతే ఏమవుతుందో పలనాటికి వేరే చెప్పనక్కర్లేదు. శ్రీనాథుని పేరిట నిలిచిన పల్నాటి వీరచరిత్రలో గురజాల, మాచర్ల పక్షాల మధ్య కోడిపందెం ఓడిన వారికి ఏడేళ్ల వనవాసం తెచ్చింది. గురజాల మంత్రి నాగమ్మ గెలుపులో మోసం ఉందన్న అనుమానం ఆ కథలో చివరిదాకా చల్లారదు. కారంపూడి రణరంగానికి వేరే కారణాలు ఎన్నున్నా, ఒప్పుకోలేని ఓటమి వాటిలో ఒకటి.

పెట్రోలుతో మొదలైన తూకం

1907 మే 28న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో తొలి టూరిస్ట్ ట్రోఫీ మోటార్‌సైకిల్ పందెం జరిగింది. బయల్దేరిన బండ్లు 25. అప్పటికి సిలిండర్ల పరిమాణాన్ని బట్టి వర్గాలు చేసే పద్ధతి స్థిరపడలేదు. నిర్వాహకులు పెట్రోలు వాడకాన్ని కొలతగా తీసుకున్నారు. ఒకే సిలిండర్ ఉన్న బండి గాలన్‌కు కనీసం 90 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 32 కిలోమీటర్లు ఇవ్వాలి. రెండు, అంతకు మించి సిలిండర్లున్న బండికి 75 మైళ్లు చాలు. ఒక సిలిండర్ వర్గంలో మ్యాచ్‌లెస్ బండి మీద చార్లీ కోలియర్, రెండు సిలిండర్ల వర్గంలో నార్టన్ మీద రెమ్ ఫౌలర్ గెలిచారు. మరుసటి ఏడు ఆ హద్దులను 100, 80 మైళ్లకు బిగించారు. పెడల్ తొక్కి బండికి సాయపడడాన్ని నిషేధించారు.

1909లో పెట్రోలు లెక్క మానేసి, అన్ని బండ్లనూ ఒకే పందెంలోకి దింపారు. ఒక సిలిండర్ బండికి 500 సీసీ, ఎక్కువ సిలిండర్లున్న వాటికి 750 సీసీ అని హద్దు పెట్టారు. ఆనాటి రెండు సిలిండర్ల ఇంజిన్లు నమ్మకంగా నడిచేవి కావు. వాటికి 250 సీసీ వెసులుబాటు కావాలని పెద్దలు భావించారు. ఆ ఏడు గెలిచింది రెండు సిలిండర్ల మ్యాచ్‌లెస్. 1910లో హద్దు 670కి దించారు. మళ్లీ రెండు సిలిండర్లదే గెలుపు. 1911లో 585కి దించారు. అమెరికా నుంచి వచ్చిన ఇండియన్ కంపెనీ సరిగ్గా ఆ కొలతకు తగ్గ ఇంజిన్లతో మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయింది. 1912లో తేడా పూర్తిగా ఎత్తేశారు: సిలిండర్లు ఎన్నైనా 500 సీసీయే.

ఈ మూడు మెట్ల చరిత్రలో ఆ తర్వాతి వివాదాలన్నిటి బీజం ఉంది. వెసులుబాటు ఇచ్చినప్పుడు అది వెనకబడిన యంత్రానికి ఇచ్చిన చేయూత. మూడేళ్లు గడిచేసరికి అదే యంత్రం ముందుకు దూసుకుపోయింది. ఇంజినీర్లు నేర్చుకునే వేగాన్ని నియమం రాసేవారు అందుకోలేకపోయారు. అయితే వారు చేసిన పని ఒకటి మెచ్చుకోదగ్గది. ఏటేటా హద్దు మార్చినా, ఒక యంత్ర జాతి మొత్తానికీ మార్చారు. పందెం మొదలు కాకముందే ప్రకటించారు. పేరు పెట్టి ఏ ఒక్క కంపెనీని కత్తిరించలేదు.

సిలిండర్ల లెక్క ఎందుకు తేల్చలేరు

500 సీసీ అంటే పిస్టన్లు ఊడ్చే మొత్తం ఖాళీ. దాన్ని ఒకే పెద్ద సిలిండర్‌లో పెట్టవచ్చు, నాలుగు చిన్నవాటిలో పంచవచ్చు. నాలుగుగా పంచితే ప్రతి పిస్టన్ తేలికవుతుంది, అది ప్రయాణించే దూరం తగ్గుతుంది, వాల్వుల మొత్తం వైశాల్యం పెరుగుతుంది. దాంతో ఇంజిన్ ఇంకా వేగంగా తిరగగలదు, ఎక్కువ గాలి పీల్చి ఎక్కువ శక్తి ఇస్తుంది. రెండు సిలిండర్ల ఇంజిన్‌కు వేరే మంచి గుణాలున్నాయి: సన్నగా ఉంటుంది, తేలిగ్గా కట్టవచ్చు, తక్కువ వేగంలో గట్టిగా లాగుతుంది. ఒకదాని లాభాన్ని మరొకదాని లాభంతో తూచే త్రాసు భౌతికశాస్త్రం ఇవ్వదు. ఎన్ని సీసీల వెసులుబాటు ఎంత బరువుకు సమానమన్నది చివరికి మనుషులు కుదుర్చుకునే ఒప్పందమే.

టూ-స్ట్రోక్ సంగతి మరీ చిక్కు. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి నిప్పు పడితే, టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ పడుతుంది. తొలినాళ్ల బ్రిటిష్ పోటీల్లో స్కాట్ కంపెనీ టూ-స్ట్రోక్‌కు దాని అసలు పరిమాణాన్ని 1.32తో హెచ్చవేసి లెక్క కట్టేవారు. ఆ హెచ్చవేత తీసేశాక, 1912లో సిలిండర్ల వెసులుబాటు కూడా పోయిన ఏడాదే, స్కాట్ మీద ఫ్రాంక్ యాపిల్‌బీ టూరిస్ట్ ట్రోఫీ సీనియర్ (పెద్ద బండ్ల) పందెం గెలిచాడు.

ఇదే చిక్కు తెలుగువారి పొరుగునా ఉండేది. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే రోడ్డు మీద షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పందాలు జరిగాయి. మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 సీసీ ఫోర్-స్ట్రోక్. మైసూరు జావా, యెజ్డీలు 250 సీసీ టూ-స్ట్రోక్‌లు. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్. సీసీల అంకె ఒక్కటే చూస్తే బుల్లెట్, రాజ్‌దూత్ ఒకే కోవలోకి వస్తాయి. ఆ రెంటినీ నడిపిన వారెవరూ వాటిని సరిజోడు అనరు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత ట్రాక్ వచ్చాక, మన దేశంలో ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే రకం బండ్లతో నడిపే పోటీలు బలపడ్డాయి. తూకం చిక్కును అవి విప్పలేదు; అసలు తూచే పనే లేకుండా చేశాయి. రైడర్ నేర్పు స్పష్టంగా తెలుస్తుంది, ఖర్చు తగ్గుతుంది. ఇంజినీర్ల మధ్య పోటీ మాత్రం ఉండదు.

అమెరికా నియమం: ఎవరి కోసం?

అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 1934లో క్లాస్ సీ అనే వర్గం తెచ్చింది. మార్కెట్లో దొరికే బండ్లతోనే పోటీ జరగాలన్నది ఉద్దేశం. ఆర్థిక మాంద్యం దెబ్బకు అప్పటికి ఆ దేశంలో పెద్ద కంపెనీలంటూ మిగిలినవి హార్లీ-డేవిడ్సన్, ఇండియన్ మాత్రమే. వారి ఇంజిన్లలో వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి. ఆ పాత పద్ధతికి 750 సీసీ ఇచ్చి, వాల్వులు తలమీద ఉండే ఇంజిన్లకు 500 సీసీ హద్దు పెట్టారు. తర్వాత బ్రిటన్ నుంచి వచ్చిన బండ్లు దాదాపు అన్నీ ఈ రెండో రకానివే.

ఇది స్వదేశీ కంపెనీలకు కట్టిన కంచె అని బ్రిటిష్ పక్షం చిరకాలం గొణిగింది. ఫలితాలు అంత సూటిగా ఆ మాట చెప్పవు. డేటోనా పందెంలో 1949 నుంచి 1952 వరకు వరసగా నార్టన్ గెలిచింది. 1954లో బీఎస్‌ఏ మొదటి ఐదు స్థానాలూ తీసుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు హార్లీ హవా. 1966, 1967లలో ట్రయంఫ్. అంటే తూకం మరీ తప్పేమీ కాదు. తప్పు దాని ఆయుర్దాయంలో ఉంది. పాత రకం ఇంజిన్‌ను మార్చాల్సిన అవసరం లేకుండా ముప్పై అయిదేళ్లు కాపాడింది. 1960ల చివర అందరికీ 750 సీసీ అన్నాక, 1970లో హార్లీ వాల్వులు తలమీద ఉన్న ఎక్స్‌ఆర్-750 తీసుకొచ్చింది. అమెరికా మట్టి ట్రాక్‌ల మీద తర్వాతి దశాబ్దాలు దానివే. వెసులుబాటు ఉన్నన్నాళ్లూ రాని యంత్రం, అది పోగానే వచ్చింది.

సూపర్‌బైక్‌లో డుకాటీ

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద తగవు ప్రపంచ సూపర్‌బైక్ పోటీలది. 1988లో మొదలైనప్పుడు నాలుగు సిలిండర్ల బండ్లకు 750 సీసీ, రెండు సిలిండర్ల వాటికి 1000 సీసీ అన్నారు. పైగా కనీస బరువులోనూ రెండు సిలిండర్ల బండికి రాయితీ: నాలుగింటికి 165 కిలోలు, రెండింటికి 140. నాలుగు సిలిండర్లు జపాన్ కంపెనీల బలం, రెండు సిలిండర్లు ఇటలీ డుకాటీ సంప్రదాయం. 1990 నుంచి 2001 దాకా పన్నెండు సీజన్లలో తొమ్మిది రైడర్ టైటిళ్లు డుకాటీ మీద వచ్చాయి. బరువు రాయితీని మెల్లమెల్లగా కుదించి చివరకు ఎత్తేశారు. గెలుపులు ఆగలేదు.

జపాన్ అభిమానులు నియమాన్ని తప్పుబట్టారు. డుకాటీ అభిమానులు ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని తిప్పికొట్టారు. ఆ తగవుకు జవాబు హోండా చేతల్లో చెప్పింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లతో పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ 2000 సీజన్‌కు తానే 1000 సీసీ రెండు సిలిండర్ల బండి కట్టింది. కోలిన్ ఎడ్వర్డ్స్ దాని మీద ఆ ఏడు, మళ్లీ 2002లో విజేత అయ్యాడు. నియమం అందరికీ తెరిచి ఉంది, ఎవరైనా ఆ దారిన రావచ్చు అన్నది రుజువైంది. కానీ అందులోనే ఇంకో సంగతి కూడా బయటపడింది: హోండా అంతటిది తన పద్ధతి వదిలి రెండు సిలిండర్లకు మారిందంటే తూకం ఒకవైపు ఒరిగి ఉన్నట్టే. 2003లో అందరికీ 1000 సీసీ చేశారు. 2008లో మళ్లీ రెండు సిలిండర్లకు 1200 ఇస్తూ, గాలి లోపలికి వెళ్లే దారిని ఇరుకు చేసే రింగులు బిగించారు.

నియమాన్ని చదివి లాభం తీయడం గ్రాండ్ ప్రి పోటీల్లోనూ జరిగింది. 2002లో 500 సీసీ టూ-స్ట్రోక్‌ల సరసన 990 సీసీ ఫోర్-స్ట్రోక్‌లను అనుమతించారు. కాగితం మీద సమానం అనిపించిన ఆ జోడీలో ఆ ఏడాది పదహారు పందాలూ ఫోర్-స్ట్రోక్‌లే గెలిచాయి. కనీస బరువు సిలిండర్లను బట్టి: మూడు దాకా 135 కిలోలు, నాలుగు, ఐదింటికి 145, ఆరు, ఆపైన 155. నాలుగుకూ ఐదుకూ ఒకే బరువు అన్నది హోండా కంటబడింది. ఐదు సిలిండర్ల ఇంజిన్ కట్టి పదహారులో పద్నాలుగు గెలిచింది. అందరూ చదివిన పత్రమే అది. ఆ వాక్యాన్ని అందిపుచ్చుకున్నది ఒక్కరే. దాన్ని అన్యాయం అనలేం.

ఫలితాన్ని బట్టి మారే కొలత

2018లో సూపర్‌బైక్ నిర్వాహకులు కొత్త దారి పట్టారు. ఒక్కో కంపెనీ ఇంజిన్‌కు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగవచ్చో విడివిడిగా హద్దు పెట్టారు. కొన్ని రౌండ్లకొకసారి ఫలితాలు చూసి ఆ హద్దును 250 చొప్పున పెంచడమో తగ్గించడమో చేస్తామన్నారు. అంతవరకూ కొలత యంత్రంలో ఉండేది. ఇప్పుడు స్కోరు పట్టికలోకి మారింది.

పరీక్ష మరుసటి ఏడే వచ్చింది. 2019లో డుకాటీ తన సంప్రదాయం వదిలి నాలుగు సిలిండర్ల పానిగాలే వీ4 ఆర్‌తో దిగింది. అల్వారో బౌటిస్టా మొదటి తొమ్మిది పందాలూ గెలిచాడు. నాలుగో రౌండ్ అస్సెన్‌కు ముందు డుకాటీ హద్దును 16,350 నుంచి 16,100కు దించారు. అక్కడా జరిగిన రెండు పందాలూ అతనే గెలిచాడు. తర్వాత వరసగా పడిపోవడాలు, భుజానికి గాయం. అరవైకి పైగా పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి టైటిల్ కవాసాకీ మీద జోనథన్ రేకు దక్కింది. 250 చుట్ల కోత వల్ల బౌటిస్టా ఓడాడని చెప్పడం కష్టం. కోత వేశాకా గెలిచాడు కదా. కోతకు సంబంధం లేదని ఒట్టు వేయడమూ కష్టమే. ఈ పద్ధతిలోని అసలు లోపం అదే. గెలిచినవాడి గెలుపు మీద, ఓడినవాడి ఓటమి మీద ఒక్కలా నీడ పడుతుంది.

ఆ తర్వాత రైడర్ బరువు చర్చకొచ్చింది. తేలికైన రైడర్ బౌటిస్టా 2022, 2023 టైటిళ్లు గెలిచాక, 2024లో దుస్తులతో సహా 80 కిలోలకు తగ్గే రైడర్ బండికి ఆ తేడాలో సగం బరువు కలపాలన్నారు. ఇది ఒక మనిషిని చూసి రాసినట్టు కనిపించినా, స్వభావంలో వేరు. తక్కెడ మీద నిలబడితే తేలిపోయే కొలత, అందరికీ ఒకటే, సీజన్‌కు ముందే చెప్పినది. గ్రాండ్ ప్రి పోటీల్లోని మోటో3 వర్గంలో రైడర్, బండి కలిపి 152 కిలోలు ఉండాలన్న నియమాన్ని ఎవరూ పెద్దగా తప్పుబట్టకపోవడానికి కారణమూ ఇదే.

గ్రాండ్ ప్రి పోటీల పై వర్గమైన మోటోజీపీ మూడో మార్గం ఎంచుకుంది. 2024 నుంచి కంపెనీలను వాటి పాయింట్ల శాతాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేసింది. 85 శాతం, ఆపైన ఏ. 35 లోపు డీ. పై తరగతి వారికి పరీక్షా పరుగుల టైర్లు తక్కువ. అడుగున ఉన్నవారికి ఎక్కువ, పైగా సీజన్ మధ్యలో ఇంజిన్ మార్చుకునే స్వేచ్ఛ. ముందున్నవాడి బండి వేగాన్ని కోయకుండా, వెనకున్నవాడికి నేర్చుకునే అవకాశం పెంచడం దీని తర్కం. మొదటి ఏడాది ఫలితం మొండిగా వచ్చింది: ఇరవై గ్రాండ్ ప్రిలలో పందొమ్మిది డుకాటీవే. సాయం చేసే నియమానికి ఓపిక కావాలి, అంత ఓపిక టీవీ ప్రేక్షకుడికి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఏది న్యాయం

ఎడ్లకూ యంత్రాలకూ ఒక తేడా ఎప్పటికీ ఉంటుంది. యంత్రానికి నొప్పి లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, దాని ఆధారంగా జల్లికట్టు, ఎడ్ల పందాలను నిషేధిస్తూ 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నాగరాజ తీర్పు, ఆ చట్టానికి తమిళనాడు తదితర రాష్ట్రాలు చేసిన సవరణలను సమర్థించిన 2023 రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఈ తేడా చుట్టూ నడిచినవే. ఎడ్ల పోటీలో న్యాయం జతకూ జతకూ మధ్య చూస్తే చాలదు. మనిషికీ పశువుకూ మధ్య కూడా చూడాలి.

ఆ హద్దు లోపల, నూరేళ్ల మోటార్‌సైకిల్ చరిత్ర తేల్చిన మాట పలనాటి పళ్ల లెక్కకు దగ్గరగానే ఉంది. రెండు వేర్వేరు యంత్రాలను సరిగ్గా సమానం చేసే అంకె లేదు. 1909లో దొరకలేదు, 1988లో దొరకలేదు, 2018లో కంప్యూటర్ లెక్కలకూ దొరకలేదు. కాబట్టి సమాన ఫలితం ఇచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి నియమానికి మార్కులు వేయకూడదు. అడగాల్సినవి మూడు: కొలత పోటీకి ముందే చెప్పారా? ఓడినవాడు సైతం తానే సరిచూసుకోగలడా? ఒక వర్గమంతటికీ ఒకేలా వర్తిస్తుందా? వీటికి నాలుగోది అమెరికా అనుభవం కలిపింది: వెసులుబాటుకు గడువు ఉందా?

తొలి టూరిస్ట్ ట్రోఫీ హద్దులు ఈ నాలుగు ప్రశ్నలకూ నిలిచాయి. క్లాస్ సీ నాలుగోదానికి తడబడింది. ఫలితాలు చూసి చుట్లు కోసే పద్ధతి రెండోదానికీ మూడోదానికీ జవాబు చెప్పలేకపోయింది. ఏడు సీజన్లు నడిచాక 2025లో ఆ హద్దుల స్థానంలో ఇంధన ప్రవాహపు కొలత తెచ్చారు. అంతకు 118 ఏళ్ల ముందు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో మొదలుపెట్టింది కూడా పెట్రోలు కొలతతోనే.